పన్నెండో తారీఖు క్యూబులు

"ఆ రోజు ఎట్ల సర్దినవో గట్లనే సర్దు. ఒక్క గుడ్డ కూడ అటిటు కావద్దు," అంది సంతోషమ్మ.

నర్మద మంచం మీద నల్లసంచి పెట్టి జిప్పు లాగింది. పోయిన గురువారం భర్త ఎల్లేశ్ ప్రయాణానికి ఆమె సర్దిన సంచి ఇదే. ఎల్లేశ్ జాడ లేదు. సంచి మాత్రం నల్లగొండ బస్టాండులో బస్సు సీటు కింద దొరికి, పోలీసుల చేతుల మీదుగా ఆదివారం ఇల్లు చేరింది.

పోయిన మనిషి సంచిని రెండోసారి సర్దించడం పాపం. ఆ సంగతి సంతోషమ్మకు తెలుసు, తెలిసే చేయించింది. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు స్టేషన్లలో రైటరుగా పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి ఆమె. ఇప్పుడు తుర్కయాంజాల్‌లో టిఫిన్ సెంటర్ పైన ఒక గది తీసుకుని, తప్పిపోయినవాళ్లను వెతికిపెడుతుంది. కేసులు ఆమె రాసింది, అధికారులు సంతకాలు పెట్టారు. అందువల్ల అధికారుల మీద గౌరవం పుట్టే అవకాశం ఆమెకు ఎన్నడూ రాలేదు.

"అడుగున ఏం పెట్టినవ్?"

"క్యూబులు, అక్కా. రెండు."

ఎల్లేశ్ పని చేసేది ఊరి బయట హన్మంత్ బ్లాకుల ప్లాంటులో. మురికినీళ్లను శుద్ధి చేసే చోట అడుగున దిగే మడ్డిని తెచ్చి, బట్టీలో కాల్చి బూడిద చేసి, కొంత సిమెంటుకు బదులు ఆ బూడిద కలిపి అక్కడ బ్లాకులు పోస్తారు. మాలు కలిపిన ప్రతిసారీ అందులోంచే జానెడు ఇనుప అచ్చుల్లో మూడు క్యూబులు పోసి, నీళ్ల తొట్టిలో నానబెట్టి, తర్వాత మిషన్ కింద పగలగొట్టి బలం చూడడం ఎల్లేశ్ ఉద్యోగం.

"ఒక్కొక్కటి ఎంత బరువు?"

"ఎనిమిది కిలోలన్నడు. తడిగనే తెచ్చిండు. నా నీలం చీరల చుట్టిన. గా చీర రంగు దిగుతది, కడతలేను."

ఇప్పుడు క్యూబులూ లేవు, చీరా లేదు. సంతోషమ్మ వంటింట్లోకి పోయి పదహారు కిలోల బియ్యం రెండు మూటలు కట్టించి తెచ్చింది. నర్మద వాటి మీద రెండు జతల బట్టలు, తువ్వాల, చింతకాయ తొక్కు సీసా పెట్టి జిప్పు మూసింది.

"ఎత్తు."

రెండు చేతులతో ఎత్తి, రెండడుగులు వేసి దించేసింది.

"ఆయన కూడ రెండు చేతులతోనే ఎత్తిండు. గడప కాడ ఒకసారి దించిండు."

"క్యూబులు ఏడికి తీసుకపోతుండె?"

"నల్లగొండల కాలేజీకి. ప్లాంటుల బట్టీ ముట్టిస్తలేరట, అక్కా. మడ్డి కాల్చకుండ ఉత్తగ ఎండబెట్టి కలుపుతున్నరట. అదే మాలుతోని బడి ప్రహరీ కట్టిండ్రు. గోడ గీకితే రాలుతున్నదన్నడు. ఇక్కడ టెస్టు చేస్తే వాళ్లు చెప్పిన అంకెలే రాయాలె గద."

"ఆ క్యూబుల మీద గుర్తేమన్న ఉన్నదా?"

"మొలతోని తారీఖు గీస్తడు. పన్నెండు, ఆరు. బడి తెరిచిన రోజు అది, అందుకే యాదికున్నది. మూడిట్ల రెండు తెచ్చిండు. ఒకటి తొట్టిలనే ఉన్నదన్నడు."

"ఇంట్లకెల్లి ఎప్పుడు ఎల్లిండు?"

"రెండింటికి. బస్సు మూడున్నరకు. మధ్యల ప్లాంటుకు పోతనన్నడు. రెండూ ఇరవైకి ఫోన్ చేసి, గేటు కాడున్న, లోపలికి పోతున్న అన్నడు. గంతే."

"ఎందుకు పోయిండు?"

"హన్మంత్ సారుకు ఆఖరుసారి చెప్పి చూస్తనన్నడు. బట్టీ ముట్టిస్తే క్యూబులు నల్లగొండకు తీసుకపోనని."

సంతోషమ్మ పెదవి విరిచింది. దొంగలంటే ఆమెకు చులకన. దొంగ దగ్గరికి పోయి, నీ మీద ఫిర్యాదు చేయబోతున్నాను సుమా అని చెప్పివచ్చే మంచివాళ్లంటే అంతకన్నా చులకన. కాకపోతే వాళ్ల కోసం వెతకాల్సి వస్తుంది.

"ఎస్సై సారు ఏమంటుండు?"

నర్మద సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "నాతోని పడక నన్ను ఇడిచిపెట్టి పోయిండంటుండు. బొంబాయి పోయి ఉంటడట. అక్కా, నాకు ఒక్క ముచ్చట తెల్వాలె. పోయిండా, పోలేదా? పోయిండంటే పోయిండని బతుకుత. గిట్ల గడప కాడ కూసునుడు నాతోని అయితలేదు."

"చెప్పులేసుకో," అంది సంతోషమ్మ.

*

ప్లాంటు గేటు దగ్గర ఆటో దిగేసరికి ఒంటిగంట ఇరవై. గేటుకు మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల దారికి అడ్డంగా ఒక క్రేన్, దాని కొక్కేనికి ఎదురుగా చెక్కపెట్టెలో కొత్త బ్లాకుల మిషన్, మిషన్ మెడలో బంతిపూల దండ. నీడలో కుర్చీ వేసుకుని, కూల్‌డ్రింకు తాగుతూ ఎస్సై దశరథ.

నర్మదను గేటు దగ్గరే స్టూలు మీద కూర్చోబెట్టి సంతోషమ్మ లోపలికి నడిచింది.

"ఏం సంతోషమ్మా, పించను సరిపోతలేదా? ఇంటింటికి తిరుగుతున్నవంట," అన్నాడు దశరథ.

"నువ్వు ఎల్లేశ్‌ను ఎతుకుతున్నవనుకున్న. పూజకు వచ్చినవా?"

"పిలిచిండ్రు, వచ్చిన. రెండుంబావుకు ముహూర్తం. ఎల్లేశ్ కేసు అయిపోయింది. బస్సెక్కిండు, పోయిండు. వీడియో ఉన్నది."

"జర చూపియ్యి."

దశరథ దయతలిచినట్టు ఫోను తీశాడు. ఊరి బస్టాండు కెమెరాలో గురువారం మూడూ ఇరవై. టోపీ, మూతికి మాస్కు పెట్టుకున్న ఒక మనిషి నల్లసంచిని ఒంటి చేత్తో ఊపి భుజాన వేసుకుని బస్సు మెట్లెక్కాడు.

"ముఖం కనపడుతలేదు," అంది సంతోషమ్మ.

"సంచి అదే. టోపీ అదే. ఇంకేం గావాలె?"

"ఆ సంచిల పదహారు కిలోల కాంక్రీటు ఉండాలె. ఎల్లేశ్ రెండు చేతులతోని ఎత్తి గడప కాడ దించిండు. ఈడు పూలసజ్జ లెక్క ఊపుతుండు."

"దారిల పారేసి ఉంటడు."

"పారేసి ఉంటడు. అయితే ఏడ పారేసిండో ఎతకాలె గద. ఎతికినవా?"

దశరథ కూల్‌డ్రింకులో పుల్ల తిప్పాడు. వెతకలేదు. వెతకాలని తోచనూ లేదు. తోచని పనిని అనవసరమైన పని అనుకోవడం అతనికి ఉద్యోగంలో చేరిన ఏడాదే అలవాటైంది.

అప్పటికి ప్లాంటు యజమాని హన్మంత్ వచ్చాడు. తెల్లచొక్కా, నుదుటి మీద అప్పుడే పెట్టిన కుంకుమ. వెనకాల మేనల్లుడు దీక్షిత్. ప్లాంటు సూపర్‌వైజర్ అతనే. పాతికేళ్లుంటాయి, మనిషిని చూడకుండా ఫోనును చూస్తూ నడుస్తాడు.

"గురువారం ఎల్లేశ్ ఇక్కడికి వచ్చిండా?" అని అడిగింది సంతోషమ్మ.

"రాలే. బుధవారమే ఆఖరు," అన్నాడు హన్మంత్.

"పెండ్లానికి ఫోన్ చేసి గేటు కాడున్ననన్నడు."

"గేటు కాడికి వచ్చి మనసు మార్చుకున్నడేమో. లోపలికైతే రాలే. దీక్షిత్, వచ్చిండారా?"

"రాలే మామా," అన్నాడు దీక్షిత్ ఫోనులోంచి తల ఎత్తకుండా.

"సారూ, విన్నవు గద. లోపలికి రాలేదు," అంది సంతోషమ్మ దశరథతో. "నేను ఒకసారి ప్లాంటు చూస్త. పూజకు వచ్చినోళ్లకు చూపియ్యరా ఏంది?"

హన్మంత్ నవ్వాడు. రిటైరైన ముసలి కానిస్టేబులు చూస్తే ఏం అర్థమవుతుందని. ఆ నవ్వు చాలామంది ముఖాల మీద చూసి ఉంది సంతోషమ్మ. వాళ్లలో కొందరు ఇంకా చర్లపల్లి జైల్లో ఉన్నారు.

హన్మంత్ తనంతట తనే చూపించడం మొదలుపెట్టాడు. "ఊరోళ్లు ముక్కు మూసుకునే మడ్డి ఇది. మేము ఎనిమిది వందల డిగ్రీల కాలుస్తం. పురుగు, వాసన, జబ్బు, ఏమీ మిగలదు. ఒట్టి బూడిద. మా మాలు ఒక్కరోజుకే గట్టిపడ్తది, వారానికి లారీ ఎక్కియ్యొచ్చు. పై నుంచి ఆఫీసర్లు వచ్చి మెచ్చుకొని పోయిండ్రు."

ఆఫీసర్లు ఎంత దూరం వచ్చారో సంతోషమ్మకు తెలిసిపోయింది. కుర్చీల దాకా వచ్చారు. బూడిద షెడ్డు ఇంకో యాభై అడుగుల దూరంలో ఉంది. షెడ్డు రేకుకు చిల్లు పడి వాన కారినచోట, 'బూడిద' అని రాసిన సంచులు తడిసి, కుట్ల సందుల్లోంచి పచ్చగా ఏవో మొలిచి ఉన్నాయి. సంతోషమ్మ ఒక మొలక తెంపి, ఆకు నలిపి వాసన చూసింది. దశరథ ముక్కు దగ్గర పెట్టింది.

"ఏంది సారూ ఇది?"

"టమాట మొక్క," అన్నాడు దశరథ, పరీక్షలో ఒక్క జవాబు తెలిసిన పిల్లాడిలా.

"తిన్న టమాట గింజ కడుపుల అరగదు. మోరీల పడి మడ్డిల చేరినా చావదు. ఎనిమిది వందల డిగ్రీల కాలిస్తే మాత్రం చస్తది. హన్మంత్ సారు కాల్చిన బూడిదల టమాటలు కాస్తున్నయ్."

హన్మంత్ నుదుటి మీద కుంకుమ చెమటకు కొంచెం జారింది. "ఏదో ఒక సంచి పొరపాటున వచ్చి ఉంటది," అన్నాడు.

"అవ్. పొరపాటున వచ్చిన సంచులు పద్నాలుగు. లెక్కపెట్టిన."

షెడ్డు వెనక నీళ్ల తొట్టి. పక్కన, మాలు కలిపే మిల్లర్ నడిపే భిక్షం నిలబడి ఉన్నాడు, యాభై దాటిన మనిషి. యజమానిని చూడగానే నేలచూపులు చూశాడు.

"భిక్షమన్నా, ఈ క్యూబులన్ని బయటికి తీసి వరుసగ పెట్టు. ఏ తారీఖువి ఆ తారీఖు పక్కకు."

"ఎందుకు? టైం అయితున్నది," అన్నాడు దీక్షిత్. మొదటిసారి ఫోను జేబులో పెట్టాడు.

"ముహూర్తానికి ఇంకా ముప్పావుగంట ఉన్నది, నాయనా. అంతల నీకు బస్సేమన్న ఉన్నదా?"

భిక్షం మోచేతుల దాకా నీళ్లలో పెట్టి ఒక్కొక్క క్యూబునూ తీశాడు. పాచి పట్టి పచ్చగా జారుతున్నాయి. మూడు మూడు చొప్పున గోడవారగా పేర్చాడు. కొన్ని తారీఖులకు ఒకటీ రెండే ఉన్నాయి, మిగతావి పగలగొట్టి పరీక్ష చేసినవి. పన్నెండు, ఆరు అని గీసినవి మాత్రం మూడుకు మూడూ వచ్చాయి.

సంతోషమ్మ ఆ మూడింటి ముందు గొంతుక్కూర్చుంది. ఒకదానికి మిగతా తొట్టిలో లాగే దళసరి పాచి. రెండింటికి పాచి ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఆ పెచ్చుల కింద, కాంక్రీటు గరుకులో ఇంకిపోయి, నీలం రంగు.

"దశరథ సారూ, ఇటు రా. కూల్‌డ్రింకు కింద పెట్టి రా."

అతను వచ్చాడు. గ్లాసు కింద పెట్టే వచ్చాడు.

"ఎల్లేశ్ ఈ రెండిటిని ఇంటికి తీసుకపోయిండు. తడి రాళ్లను నర్మద రంగు దిగే నీలం చీరల చుట్టింది. గురువారం రెండింటికి సంచిల పెట్టుకొని ఎల్లిండు. లోపలికి రాని మనిషి సంచిలున్న రాళ్లు లోపలి తొట్టిలకు ఎట్లొచ్చినయ్?"

దశరథ హన్మంత్ వైపు చూశాడు. హన్మంత్ దీక్షిత్ వైపు చూశాడు. దీక్షిత్ చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

ఊరిపక్కన అంత పెద్ద చెరువుంది. రెండు రాళ్లు విసిరేస్తే ప్రళయం దాకా ఎవరికీ దొరికేవి కావు. కానీ క్యూబు కనబడితే తొట్టిలో వేయాలి అన్న ఒక్క ముక్క ఆ కుర్రాడికి ఎల్లేశ్ నేర్పి ఉంటాడు. ఉద్యోగం మొత్తంలో అతను నేర్చుకున్నది అదొక్కటే. దాన్ని తప్పకుండా పాటించాడు.

"ఇంకొక్క ముచ్చట," అంది సంతోషమ్మ లేస్తూ. "క్రేన్ ముందర గోనెసంచులు కప్పిన కాంక్రీటు బెడ్డు ఉన్నది గద, మిషన్ పెట్టేది. ఎప్పుడు పోసిండ్రు?"

"జూలై ఇరవై ఎనిమిది," అన్నాడు హన్మంత్ తడుముకోకుండా. అబద్ధాన్ని ముందే బట్టీ పట్టినవాడికే అంత తొందర ఉంటుంది.

"దాని క్యూబులేవి?"

"బెడ్డుకు ఎవరన్న క్యూబులు పోస్తరా?"

"భిక్షమన్నా, పోస్తడా?"

భిక్షం తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఎల్లేశ్ ఉంటే దేనికన్న పోస్తడమ్మా. మాలు దిగంగనే చాయ్ కన్న ముందు గదే పని. వాచ్‌మెన్ బాత్‌రూం బండకు కూడ పోసిండు. మేమందరం నవ్వినం. అగో, ఆ మూల ఉన్నయ్ చూడు, రెండు, ఏడు."

"అంటే బాత్‌రూంకు ఉన్నయ్, బెడ్డుకు లేవు. అంటే ఆ బెడ్డు ఎల్లేశ్ లేనప్పుడు పోసింది. జూలైల ఆయన ఒక్కరోజన్న నాగా పెట్టిండా?"

"లేదమ్మా."

"ఏయ్ భిక్షం," అన్నాడు హన్మంత్.

"నేను అడుగుతున్న, నాకు చెప్పు," అంది సంతోషమ్మ. "గురువారం ఏమైంది?"

భిక్షం పన్నెండో తారీఖు క్యూబులను వరుసలోకి జరిపాడు. "రెండుమ్ముప్పావుకు దీక్షిత్ సారు వచ్చి, ఇయ్యాలటికి చాలు, అందరు ఇండ్లకు పోండ్రన్నడు. మిల్లర్‌ల అప్పుడే బ్లాకుల మాలు కలిపి పెట్టిన. పారబోయాలె గద అంటే, మేము చూసుకుంటం పొమ్మన్నడు. మిషన్ కోసం నడుములోతు గుంత తవ్వి పెట్టినం. శుక్రవారం పొద్దుగాల వచ్చేసరికి గుంత లేదు. బెడ్డున్నది."

"గిన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"ఎస్సై సారే వీళ్లతోని చాయ్ తాగుతుండె. ఎవరికి చెప్పాలె?"



సంతోషమ్మ బెడ్డు దగ్గరికి నడిచి గోనెసంచులు లాగేసింది. మిషన్ పెట్టెలోంచి ఊడిన మూడంగుళాల మొల ఒకటి కింద పడి ఉంటే తీసి, బెడ్డు మీద నిలబెట్టి, బొటనవేలితో నొక్కింది. సుత్తి అవసరం పడలేదు. మొల తల దాకా దిగిపోయింది.

"హన్మంత్ సారూ, నీ మాలు ఒక్కరోజుకే గట్టిపడ్తదంటివి. అది నిజమైతే ఈ బెడ్డు పోసి ఒక్కరోజు కూడ కాలే, జూలై అన్న మాట అబద్ధం. బెడ్డు జూలైదే అయితే పదహారు రోజులకు కూడ గట్టిపడని మాలు బడి గోడకు అమ్మినవ్. రెండిట్ల ఏది రాసుకోమంటవ్?"

కల్తీ పాలు అమ్మేవాడు తన పిల్లలకు ఆ పాలు పోయడు. ఆ మాత్రం జ్ఞానం ప్రతి దొంగకూ ఉంటుంది. ఈ మామా అల్లుళ్లకు అదీ లేదు. కాల్చని మడ్డి కలిసిన సిమెంటు వారాల తరబడి పట్టు పట్టదని ఎల్లేశ్ మూడు నెలలు మొత్తుకున్నాడు. ఊరికి అమ్మిన ఆ మాలునే, ఎప్పటికీ గట్టిగా ఉండాల్సిన ఒకే ఒక్క గుంతలో పోసుకున్నారు.

"ముహూర్తం దాటిపోతది. మిషన్ ఎక్కియ్యిండ్రి," అన్నాడు హన్మంత్ క్రేన్ డ్రైవరుతో.

సంతోషమ్మ పోయి బెడ్డు మధ్యలో నిలబడింది. చెప్పులు అంగుళం దిగాయి.

"పక్కకు జరుగు సంతోషమ్మా. పెద్దోళ్లతోని పెట్టుకోకు. తవ్వాలంటే పర్మిషన్లు గావాలె," అన్నాడు దశరథ.

"పర్మిషన్ ఇచ్చేటోనివి నువ్వే. సరే, నీకు అర్థమయ్యేటట్టు చెప్త. మిషన్ పక్కన దండ పట్టుకొని నువ్వు దిగిన ఫొటో పొద్దుగాల నుంచి అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది. ఇయ్యాల కాకున్న, రేపు కాకున్న, ఈ బెడ్డు కుంగుతది. అప్పుడు శవం మీద మిషన్ పెట్టించిన సారువైతవ్. ఇప్పుడు తవ్వితే తవ్వించిన సారువైతవ్. న్యాయం సంగతి నేను అడుగుతలేను, నీతోని కాదు. ఫొటో సంగతి చూసుకో."

దశరథ ఆలోచించాడు. అతను ఆలోచించడం అంత స్పష్టంగా బయటికి కనబడడం సంతోషమ్మ ఎన్నడూ చూడలేదు. రెండు నిమిషాలు పట్టింది.

"భిక్షం, గడ్డపార తే," అన్నాడు.

దీక్షిత్ బండి వైపు పరిగెత్తాడు. గేటుకు అడ్డంగా క్రేన్ ఉంది, ఆ క్రేన్‌ను ముహూర్తం కోసం పొద్దున తనే అక్కడ పెట్టించాడు. దశరథ వెంట వచ్చిన కానిస్టేబులు అతన్ని చొక్కా పట్టుకుని తెచ్చి గోడకు కూర్చోబెట్టాడు.

గడ్డపార సంకటిలో గరిటెలా దిగింది. ఇద్దరు పనివాళ్లు పారలతో ఎత్తిపోస్తుంటే మురికినీళ్ల వాసన లేచింది. పూజకు వచ్చిన పంతులు కొబ్బరికాయ పట్టుకుని దూరం జరిగాడు. రెండూ పదికి భిక్షం పార ఆపి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో తీయడం మొదలుపెట్టాడు. తర్వాత తల మీది తువ్వాల విప్పి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎల్లేశే," అన్నాడు.

"నేను నూకిన అంతే," అన్నాడు దీక్షిత్ గోడ దగ్గర నుంచి. "తల మిల్లర్ అంచుకు తగిలింది. కావాలని చెయ్యలే. మామనే అన్నడు, ఎల్లేశ్ టోపీ పెట్టుకొని బస్టాండుకు పో, సంచి బస్సుల పెట్టి దిగు అని."

"నోరుముయ్," అన్నాడు హన్మంత్. ఆ రోజు అతను చెప్పిన మాటల్లో పనికొచ్చే మాట అదొక్కటే, అదీ ఆలస్యంగా.

గేటు దగ్గర నర్మద లేచి నిలబడి ఉంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. సంతోషమ్మ అంతదూరం నడిచి వెళ్లి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"అక్కా, పోయిండా?"

"పోలేదు బిడ్డా. నిన్ను ఇడిచిపెట్టి ఎక్కడికీ పోలేదు."

నర్మద తల ఊపింది. ఊపుతూనే ఉంది. సంతోషమ్మ ఆమెను వాచ్‌మెన్ పెండ్లాం చేతికి అప్పగించి వెనక్కి వచ్చింది.

దశరథ టోపీ తీసి చంకలో పెట్టుకుని, నోటుబుక్కు తెరిచి, గుంత అంచున నిలబడి ఉన్నాడు. అందులో శనివారం అతను రాసిన వాక్యం ఉంది: భార్యతో గొడవపడి తనంతట తాను వెళ్లిపోయాడు. దాని మీద పెన్ను పెట్టి అడ్డంగా గీశాడు. తర్వాత ఏం రాయాలో తోచక సంతోషమ్మ వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో వెటకారం లేదు.

"ఏమని రాయాలె?"

"రాయి," అంది సంతోషమ్మ. "ఎల్లేశ్, ముప్పై మూడేండ్లు. ఆగస్టు ఏడు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు ఈ గేటు లోపలికి పోయిండు. తిరిగి రాలేదు."